రామక్క ముఠా లేవదు

“మీ ఆడోళ్లకు దూప కాదా, అక్కా?”

ఈ మాట అడిగింది మణుగూరులో ఒక సభలో నీళ్ల ప్యాకెట్ల బస్తా భుజాన వేసుకుని కుర్చీల వరసల మధ్య తిరుగుతున్న మనిషి. ఎండ నడినెత్తిన ఉంది. పక్క ఊరివాళ్లు ప్యాకెట్ల కోసం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. రామక్క తోలుకొచ్చిన నలభై మంది ఆడవాళ్లు మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు.

“అయితే అయితది. నీకేంది? పక్క వరసల ఇయ్యి పో,” అంది రామక్క.

“కోపమెందుకక్కా! మనుషులా బొమ్మలా అని అడుగుతున్న.”

“మీటింగు అయినంక తాగుతరు.”

“మస్తు ట్రైనింగ్ ఇచ్చినవ్ పో,” అని అతను నవ్వుకుంటూ ముందుకు కదిలాడు.

రామక్క దాన్ని మెప్పుగానే తీసుకుంది. ఆ రోజుల్లో ఆమెకు అన్ని వైపుల నుంచీ అదే మెప్పు దొరికేది.

రామక్కది మణుగూరుకు అవతల, అడవి అంచున ఉన్న పాలవాగు అనే పల్లె. యాభైకి దగ్గరపడ్డ మనిషి. భర్త బొగ్గు ఓపెన్‌కాస్టు దగ్గర మట్టి తోలే కాంట్రాక్టరు కింద పనిచేసి, తాగుడుకు కాలేయం చెడి పోయాడు. కాంట్రాక్టు మనిషి గనక వెనకాల పింఛనీ లేదు, వారసత్వ ఉద్యోగమూ లేదు. ఆ తర్వాత ఆమె కూలి ముఠా కట్టింది. మిరప కోతలకు, పత్తి ఏరడానికి, నాట్లకు, ఎండాకాలం బీడీల తునికాకుకు ఎవరికి ఎందరు కావాలన్నా ముందు రోజు ఆమెకు ఫోన్ వస్తుంది. తెల్లారేసరికి ట్రాలీ ఆటోలో మనుషులు ఎక్కి ఉంటారు. కూలి తనే మాట్లాడుతుంది, తనే తీసుకుంటుంది, తనే పంచుతుంది. తలకింత అని రైతు ఆమెకు వేరుగా ఇస్తాడు.

ఆడవాళ్లు ఆమె వెంట రావడానికి కూలి ఒక్కటే కారణం కాదు. ప్రతి గడప ముందూ నిలబడి, అత్తకో మొగుడికో ఒక మాట ఇచ్చి తీసుకుపోతుంది. “ఎట్ల తోలుకపోతున్ననో గట్లనే తెచ్చి అప్పజెప్త.” ఇన్నేళ్లలో ఆ మాట తప్పలేదు. ఒకసారి వ్యాను చెడి అడవిలో ఆగిపోతే ఇసుక లారీని అడ్డగించి, డ్రైవరుతో దెబ్బలాడి, అందర్నీ ఇళ్లకు చేర్చింది. పాలవాగులో ఆమెకున్న ఆస్తి ఆ మాటే. అది పోతే ముఠా పోతుంది. ముఠా పోతే ఆమె కూడా ఇంకొకరి ఆటో ఎక్కి కూర్చోవలసిన కూలి మనిషే.

రాజకీయాలు ఆమె దగ్గరికి ఈ దారినే వచ్చాయి. పార్టీవాళ్లకు కావలసింది కూడా రైతుకు కావలసిందే: చెప్పిన పూటకు చెప్పినంతమంది. మిరప కోతకిచ్చే కూలికి కొంచెం ఎక్కువ, తిండి పొట్లం, వంగే పని లేదు. అప్పటికి అధికారంలో ఉన్నవాళ్లను ఆమె ‘గద్దె మీదోళ్లు’ అనేది, లేనివాళ్లను ‘గద్దె దిగినోళ్లు’. మధ్యలో ఒకసారి వీళ్లు దిగి వాళ్లు ఎక్కారు. ఆమె ఫోనులో నంబర్లు మారలేదు, పిలిచే పేర్లే అటువి ఇటు అయ్యాయి.

ఇది సిద్ధాంతం లేని పని అని ముఖం చిట్లించుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు సాధారణంగా మర్నాటి బియ్యం ఇంట్లో ఉంటాయి.

ఈ మధ్య కొన్నేళ్లుగా సభలన్నీ ఆడవాళ్ల మీదే. ఒకరు ‘మహిళా గర్జన’ అంటారు, ఇంకొకరు ‘నారీ శంఖారావం’ అంటారు. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు మేం తెచ్చామని ఒకరు, తెచ్చి అటక మీద పెట్టారని మరొకరు. స్థానిక ఎన్నికలు దగ్గర పడేకొద్దీ గొంతులు పెరిగాయి. గద్దె మీదోళ్ల మండల నాయకుడు సాయికృష్ణ. అతని భార్య ఆడవాళ్లకు కేటాయించిన సీట్లో సర్పంచ్ అయింది, కానీ ఊరివాళ్లు సంతకానికి వెళితే అతన్నే అడుగుతారు. గద్దె దిగినోళ్ల వైపు హీరాలాల్, పక్క తండా మనిషి, లోగడ మండలం ఏలినవాడు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి పడదు. ఇద్దరికీ రామక్క మాత్రం ‘అక్క’.

ఇక నీళ్ల సంగతి.

మొదట్లో ఒక సభకు పోయినప్పుడు ఆడవాళ్లకు మరుగు లేదు. మైదానం పక్కన మూతపడ్డ పత్తి మిల్లు గోడ ఉంటే, ఆ గోడ చాటుకు పోయారు. గోడ మీద కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. వాళ్ల మెడల్లో సభ కార్యకర్తల బిళ్లలున్నాయి. కొత్తగా కాపురానికొచ్చిన రోజారాణి అనే పిల్ల వీడియో సాయంత్రానికి ఊళ్లో ఫోన్లన్నీ తిరిగింది. తీసినవాడెవడని దాని మొగుడు అడగలేదు. అక్కడికి ఎందుకు పోయినవని అడిగాడు. ఆ పిల్ల సభలకే కాదు, మిరప కోతకు రావడం కూడా మానేసింది.

రామక్క ఆ కుర్రాళ్ల కోసం పోయింది. ఎవరి కొడుకులో తెలిశాక తిరిగొచ్చింది. సాయికృష్ణను మరుగు కట్టించమని అడిగితే, “స్టేజి ఎనక ఉన్నది గదక్కా” అన్నాడు. ఉన్నది నిజమే. చక్రాల మీద తెచ్చిన తెల్ల డబ్బా. పెద్దవాళ్లకు.

తప్పు చేసినవాళ్లు చేతికి చిక్కనప్పుడు చేతికి చిక్కినవాళ్ల మీద కట్టుబాటు పెట్టడం పెద్దరికం చేసేవాళ్లందరికీ అలవాటు. రామక్క కూడా అదే చేసింది. మీటింగు ముందు రాత్రి అన్నం తిన్నాక తాగిందే తాగడం. పొద్దున ఒక గుక్క చాయ. తిరిగి ఇల్లు చేరేదాకా చుక్క ముట్టొద్దు. మొదట కొందరు గొణిగారు. తర్వాత అది ముఠా పద్ధతి అయింది. నోరు ఎండితే చింతగింజ బుగ్గన పెట్టుకునేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లే చెప్పేవాళ్లు, “మీటింగు నాడు నీళ్లు తాగితె మన పరువు పోతది” అని.

దీనికి వచ్చిన ఫలితం రామక్క కూడా ఊహించనిది. మిగతా ఊళ్ల ఆడవాళ్లు ఉపన్యాసం సగంలో ఉండగానే ఒక్కొక్కరే లేచి గట్ల చాటుకు పోతుంటే కుర్చీలు ఖాళీ అయ్యేవి, కెమెరాలో కనిపించేవి. రామక్క ముఠా లేచేది కాదు. “రామక్క మందిని ముందట కూసోబెట్టున్రి. వాళ్లు లేవరు,” అని సాయికృష్ణ మైకు పట్టుకునే మనిషికి చెప్పడం ఆమె చెవులారా వింది. హీరాలాల్ కూడా అదే అనేవాడు. ముందు వరస రేటు వేరు. కట్టుబాటుకు కారణం రోజారాణి అన్న సంగతి క్రమంగా అందరూ మరిచారు. రామక్క కూడా.

ముఠాలో పున్నమ్మ అనే మనిషి ఉంది. నలభై లోపే. ఆమె మొగుడు గోపాలు బొగ్గు లారీల మీద పట్టా కప్పే కూలి. పున్నమ్మకు అప్పటికే నడుము పక్కన నొప్పి వచ్చి పోతుండేది. ఆర్‌ఎంపీ సూది వేసి, “నీళ్లు ఎక్కువ తాగు” అన్నాడు. అది రామక్కకు తెలుసు.

ఈ ఎండాకాలం గద్దె మీదోళ్లు మణుగూరులో సభ పెట్టారు. దానికి జవాబుగా మర్నాడే గద్దె దిగినోళ్లు కొత్తగూడెంలో పెట్టారు. ఇద్దరూ ఫోన్ చేశారు, ఇద్దరికీ రామక్క సరే అంది. తునికాకు ఇంకా మొదలు కాలేదు, మిరప అయిపోయింది. చేతిలో పని లేని రోజులవి.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు తెల్లవారి ఆటో వాకిట్లో ఆగితే, పున్నమ్మ గడప మీద ఒక చెయ్యి నడుముకు ఆనించి నిలబడింది.

“అక్కా, నేను రాలేను. రాత్రంత గుంజింది.”

“ఏం మూటలు మోసేది ఉన్నదే? కుర్సీల కూసునుడే గద.”

“కూసునుడే చాతనైతలేదు.”

“నలభై మందిని చెప్పిన. నిన్ననే ఒకామె తక్కువైంది. ఇయ్యాల ఇంకొకరు తక్కువైతె హీరాలాల్ అన్న నన్ను బతకనిస్తడా? రా, నా పక్కకే కూసో.”

లోపల్నుంచి అత్త అడిగింది, “పాణం బాగలేదంటాంది. తోలుకపోతవా?”

“ఎట్ల తోలుకపోతున్ననో గట్లనే తెచ్చి అప్పజెప్త అత్తా,” అంది రామక్క. ఎప్పటిలాగే అంది. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

కొత్తగూడెం మైదానంలో టెంటు స్టేజికి, రెండు వరసల సోఫాలకు సరిపోయింది. రామక్క ముఠా సోఫాల వెనక, ఎండలో. జిల్లా మహిళా విభాగం పెద్ద నిర్మలాదేవి మాట్లాడుతోంది. స్వాతంత్య్రం వచ్చిన నాటి నుంచి చట్టసభల్లో ఆడవాళ్లు ఎందరో, అవతలి పార్టీ ఎందరికి టికెట్లు ఇచ్చిందో, తాము ఎందరికి ఇచ్చామో అంకెలు చెబుతోంది. ఆవిడ మంచి వక్త. చెప్పిన అంకెలు నిజమే కావచ్చు.

పున్నమ్మ రామక్క చెయ్యి పట్టుకుంది. అరచేయి కాలిపోతోంది.

“అక్కా, ఒంటికి వస్తాంది. ఆగుతలేదు.”

“తాగంది ఎట్ల వస్తదే?”

“ఏమో. మంట. నన్ను ఎటన్న తీస్కపో.”

రామక్క చుట్టూ చూసింది. మైదానం బల్లపరుపు. చెట్టు లేదు, గోడ లేదు. కనబడుతున్నది స్టేజి వెనకాల తెల్ల డబ్బా ఒక్కటే. ఇన్నేళ్లలో ఉపన్యాసం నడుస్తుండగా ఆమె లేవడం అదే మొదలు. పున్నమ్మను పట్టుకుని, సోఫాల పక్కనుంచి వంగి నడిపించుకుంటూ పోయింది. తాడు కట్టిన చోట బిళ్ల వేసుకున్న వలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పాస్ ఉన్నదా?”

“ఏం పాసు నాయనా? ఒంటికి పోవాలె.”

“స్టేజి మీదోళ్లకే అమ్మా. మళ్ల మమ్మల్ని తిడతరు.”

“జర చూడు, మనిషి ఎట్లున్నదో!”

“చూస్తనే ఉన్న. నా చేతిల ఏమున్నది? హీరాలాల్ సార్‌తోని చెప్పియ్యి.”

హీరాలాల్ స్టేజి మీద, నిర్మలాదేవి వెనక వరసలో, చప్పట్లు కొడుతున్నాడు. రామక్క చెయ్యి ఊపింది. ఆయన చూసి, చిరునవ్వుతో తనూ చెయ్యి ఊపాడు. పున్నమ్మ తాడు మీదికి వాలి, అక్కడే కింద పడిపోయింది.

సర్కారు దవాఖానాలో సెలైన్ ఎక్కించి చూశారు. ఇది తమ దగ్గర అయ్యేది కాదని, వరంగల్లు తీసుకుపొమ్మని చీటీ రాశారు. అంబులెన్సు వేరే ఊరు పోయింది, వచ్చేదాకా ఆగాలన్నారు. పున్నమ్మకు వణుకు మొదలైంది. రామక్క ఆగలేకపోయింది. ఎదురు రోడ్డులో ఉన్న ప్రైవేటు దవాఖానాకు ఆటోలో వేసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ స్కానింగు చూసి అడిగింది, “నీళ్లు ఎప్పుడు తాగింది?”

“మొన్న... నిన్న మాపటికి ఇంత తాగింది మేడం.”

“రాయి అడ్డం పడింది. కిడ్నీ వాచి చీము పట్టింది. ఒంట్లో నీళ్లే లేవు. ఇవాళే గొట్టం వేయాలి. ముందు అడ్వాన్సు కట్టండి.”

ఆ దవాఖానాకు ఆరోగ్యశ్రీ లేదు. రామక్క బొడ్డు సంచిలో మొదటి రోజు సభ కూలి ఉంది. సాయికృష్ణ రాత్రి పంపాడు, ఇంకా పంచలేదు. అది ముఠా అందరిది. ఎవర్నీ అడగకుండా తీసి కౌంటరు మీద పెట్టింది. చాలలేదు. చెవి దిద్దులు తీసి బజారులో కుదువ పెట్టి వచ్చింది.

గోపాలు చీకటి పడే వేళకు వచ్చాడు. ఒంటినిండా బొగ్గు మసి.

“ఏదీ, గట్లనే అప్పజెప్తనంటివి గద రామక్కా!”

రామక్క అడ్వాన్సు రసీదు తీసి అతని చేతిలో పెట్టింది.

“బిల్లు ఎవలు కడతరు?”

“మీటింగోళ్లను అడుగుత.”

“ఏ మీటింగోళ్లను?”

అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

మర్నాడు హీరాలాల్ యాపిల్ పళ్ల సంచితో వచ్చాడు. పళ్లు కిటికీలో పెట్టి, రామక్కను వరండాలోకి పిలిచాడు.

“మొన్న నువ్వు వాళ్ల మీటింగుకు పోయినవా?”

“పోయిన.”

“మళ్ల మా దాన్కి వచ్చినవ్.”

“నువ్వే గదన్నా ఫోన్ జేసింది.”

“రెండు దిక్కుల తింటె అరుగుతదా?”

“ఏం తిన్నమన్నా? పులిహోర పొట్లం. దాంట్ల ఉప్పు గూడ లేకపాయె.”

హీరాలాల్‌కు నవ్వు వచ్చింది గానీ మింగాడు. “చూడు. ఆమె ఎండింది వాళ్ల ఎండల. పడుడు మా కాడ పడ్డది. నిజం చెప్పాలె గద?”

“ఎండకు పార్టీ ఉంటదా అన్నా?”

“ఉంటది. ఆమెతోని గదే చెప్పియ్యి, వీడియోల. గద్దె మీదోళ్లు మొదటి రోజు నీళ్లియ్యక మాడ్చిన్రని. బిల్లు సంగతి నేను చూసుకుంట.”

ఆయన పోయిన కాసేపటికే సాయికృష్ణ వచ్చాడు. అతను తెచ్చినవీ యాపిళ్లే. కూడా ఫోను పట్టుకునే మనిషి ఒకడు. అప్పటికే అతని పార్టీవాళ్లు, ‘ప్రతిపక్ష సభలో మహిళకు అవమానం’ అని సగం సిద్ధం చేసుకుని ఉన్నారు. వలంటీరు అడ్డం పెట్టిన చెయ్యి ఎవరో తీసిన వీడియోలో కనిపిస్తోంది. కావలసింది పున్నమ్మ నోటి మాట.

“మా మీటింగుల నవ్వుకుంట కూసున్నది గద. ఫోటో ఉన్నది. మనిషిని మనిషిగ చూడనిది వాళ్లు. గది చెప్తె చాలు అక్కా. దవాఖానా బిల్లు మొత్తం నాది. పైకెల్లి సాయం గూడ ఇప్పిస్త.”

“మీ కాడ మాత్రం మరుగు ఉండెనా తమ్మీ?”

“గది వేరే ముచ్చట. ఇప్పుడు మరుగుల కాడికి పోతె అసలు పాయింటు పోతది. ఇది ఆడోళ్ల ఆత్మగౌరవం సమస్య.”

సాయికృష్ణ అబద్ధాలకోరు కాడు. తన పార్టీ ఆడవాళ్లకు మేలు చేస్తోందని అతను నిజంగానే నమ్ముతాడు. హీరాలాల్ కూడా అంతే. అందువల్లే వాళ్లతో వాదించడం కష్టం.

గోపాలు అంతా విన్నాడు. “ఎవలు ముందు పైసలిస్తె వాళ్ల పేరు చెప్తది. నీకేం పోతది రామక్కా? నాకేం పోతది?” అన్నాడు. అతనిది దురాశ కాదు. కౌంటరు దగ్గర బిల్లు గంటకోసారి పెరుగుతోంది.

“నువ్వు చెప్తె వింటది. నువ్వు చెప్పు,” అన్నాడు సాయికృష్ణ.

రామక్క లోపలికి పోయింది. పున్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన వేలాడుతున్న సంచిలోకి ఎర్రటి మూత్రం చుక్క చుక్కగా దిగుతోంది. అడుగుల చప్పుడుకు ఇటు తిరిగింది.

“ఏం చెప్పమంటవక్కా?”

ఎన్ని చేలల్లో, ఎన్ని సభల్లో ఆ మాట విని ఉంటుంది రామక్క. ఎటు పోదామక్కా, ఎవలకు చప్పట్లు కొట్టాలక్కా, గుర్తు ఏదక్కా? ఎప్పుడూ తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడూ సులువే. ఒక్క మాట చెబితే బిల్లు తీరుతుంది, పున్నమ్మ ఇంటికి పోతుంది, తన మాట నిలబడుతుంది, ముఠా నిలబడుతుంది. సాయికృష్ణ గుమ్మం దగ్గరే ఉన్నాడు. కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేంత అలసటగా ఉంది ఆమెకు.

“నీకు ఏది అనిపిస్తె గది చెప్పు,” అంది. “నేను చెప్పింది వినే గిట్ల పడ్డవ్.”

ఫోను మనిషి వచ్చి దిండు సర్ది, కొంగు సర్దించి, తెరను పక్కకు జరిపాడు. పున్నమ్మ నెమ్మదిగా మాట్లాడింది.

“మీటింగుల ఒంటికి పోను జాగ ఉండదు. గందుకు మేం నీళ్లు తాగం. మొన్న మణుగూరుల లేదు, నిన్న ఈడ లేదు. ఎన్నడు లేదు.”

“వదినా,” అన్నాడు సాయికృష్ణ, “మణుగూరు ముచ్చట తీసేద్దాం. ఒక్క ఈడ జరిగింది చెప్పు.”

మళ్లీ తీశారు.

“నిన్న ఈడ మరుగు లేకపాయె. డబ్బా కాడికి పోతె పాసు అడిగిన్రు. మణుగూరుల డబ్బా కాడికి పోలే. పోతె ఆడ గూడ అడుగుదురు.”

“గట్ల కాదు వదినా! నీళ్లు తాగొద్దని నీకు ఎవలు చెప్పిన్రు? వీళ్లే గద, ఈ పార్టీ వాళ్లే గద?”

పున్నమ్మ గుమ్మం వైపు చూసింది. రామక్క అక్కడే ఉంది.

“రామక్క చెప్పింది,” అంది. “లేస్తె పరువు పోతదని.”

సాయికృష్ణ ఫోను మనిషి భుజం తట్టి, ఆపమన్నాడు. “రెస్ట్ తీస్కో వదినా. మళ్ల వస్త.” రాలేదు. వాళ్ల వీడియో పున్నమ్మ లేకుండానే, వలంటీరు చెయ్యితోనే వెళ్లింది. దానికి జవాబుగా హీరాలాల్ వాళ్లు మణుగూరు మైదానంలో ఎండకు తలమీద కుర్చీలు పెట్టుకున్న ఆడవాళ్ల ఫోటో పెట్టారు. వారం పాటు రెండు పార్టీల నాయకురాళ్లూ టీవీలో మహిళల గౌరవం గురించి ఒకరినొకరు తిట్టుకున్నారు. నిర్మలాదేవి మరీ బాగా మాట్లాడిందని అందరూ అన్నారు. ‘ఆ మహిళ’ అనే మాట చాలాసార్లు వచ్చింది. పేరు ఎవరూ చెప్పలేదు.

పున్నమ్మ బతికింది. ఒక కిడ్నీ సగమే పని చేస్తుందని, బరువులు ఎత్తొద్దని, నీళ్లు బాగా తాగాలని చెప్పి పంపారు. బిల్లు తీరితే తప్ప పంపేది లేదన్నారు గనక, రామక్క పొదుపు సంఘంలో తన పేరు మీద యాభై వేలు అప్పు తీసి కట్టింది. మిగిలినదాంతో ముఠాకు మొదటి రోజు కూలి పంచింది. కొందరు తీసుకుంటూ ముఖం తిప్పుకున్నారు. బతుకమ్మ అనే పెద్దావిడ మాత్రం ఎదురుగానే అడిగింది.

“మా పైసలు మమ్మల్ని అడగకుంట ఎట్ల కట్టినవే? అడిగితె ఇయ్యకపోదుమా?”

“ఇద్దురా?”

బతుకమ్మ ఆలోచించింది. “ఏమో,” అంది.

ఊళ్లో ఆడవాళ్లు ఒకరికొకరు అండగా నిలిచిన కథ చెప్పాలని ఎవరికైనా ఉబలాటం ఉంటే, ఆ ‘ఏమో’ దగ్గర కాసేపు ఆగితే మంచిది. పూటకు పూట వెతుక్కునేవాళ్లు అబద్ధం చెప్పకుండా ఇవ్వగలిగిన జవాబు అదే.

ఆటోలో తెచ్చి దించినప్పుడు పున్నమ్మ అత్త గడప మీదే కూర్చుని ఉంది. కోడలిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. రామక్కను రమ్మనలేదు, పొమ్మనలేదు.

రెండు నెలలు ఏ ఫోనూ రాలేదు. ఆ తర్వాత సాయికృష్ణ చేశాడు.

“అయింది అయిపాయె అక్కా. ఆదివారం మందిని పట్టుకరా.”

“మరుగు కట్టియ్యి. నీళ్ల డ్రమ్ములు పెట్టియ్యి. అప్పుడు వస్త.”

“గంతేనా? కట్టిస్త.”

కట్టించాడు. నాలుగు కర్రలకు పచ్చ నెట్టు చుట్టారు. తలుపు లేదు, లోపల నీళ్లు లేవు, మైదానానికంతా అదొక్కటే. అయినా రామక్క పొద్దున ఆటోలోనే అందరికీ చెప్పింది, “తాగున్రి. దూపైతె తాగున్రి. వస్తె లేవున్రి.” ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్తగా చేరిన పిల్ల ముందు తాగింది. తర్వాత అందరూ తాగారు. ఉపన్యాసం మొదలైన కాసేపటికి పచ్చ నెట్టు ముందు వరస కట్టారు. ముందు రెండు వరసలూ ఖాళీ. కెమెరా అటు తిరిగినప్పుడల్లా తెల్ల కుర్చీలే.

సాయికృష్ణ పరుగెత్తుకొచ్చాడు. “నీ మంది లేవరనే గదా ముందట కూసోబెట్టింది! పైకెల్లి నాకు ఫోన్లు వస్తున్నయ్!”

“లేస్తరు తమ్మీ. మనుషులు గద,” అంది రామక్క. వాదించే ఓపిక లేక, ఆ మాట కూడా మెల్లగానే అంది.

ఆ తర్వాత ఆమె ముఠాను వెనకాల, బండ్లు నిలిపే చోట కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అక్కడి రేటు తక్కువ. ముందు వరసలు ఇప్పుడు అవతలి ఊరి ప్రమీల ముఠావి. ప్రమీల చురుకైన మనిషి. ఆమె వెంట వచ్చేవాళ్లు చెప్పిన చోట కూర్చుంటారు, మధ్యలో లేవరు. ఒక సభలో రామక్క, ప్రమీల వాళ్ల వరస పక్కనుంచి పోతూ చూసింది. నీళ్ల ప్యాకెట్లు కుర్చీల కింద విప్పకుండా పడి ఉన్నాయి. కొందరి బుగ్గల్లో చింతగింజ కదులుతోంది. ఆగి ప్రమీలతో ఏదో అనబోయింది.

“ఏందక్కా?” అంది ప్రమీల, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

“నీళ్లు తాపియ్యి వాళ్లకు.”

“మరుగు నువ్వు కట్టిస్తవా?”

రామక్క తన వాళ్ల దగ్గరికి పోయి కూర్చుంది. ముఠాలో ఇప్పుడు ఇరవై మందికి తక్కువే వస్తున్నారు. గడప ముందు నిలబడి మాట ఇవ్వడం ఆమె మానేసింది, వచ్చేవాళ్లు వస్తారు. పున్నమ్మ రాదు. ఇంటి దగ్గర విస్తరాకులు కుడుతుంది, రోజుకు చిన్న కూలి. వాకిట్లో ఒకరికొకరు ఎదురైతే, తిన్నావా అంటే తిన్నావా అనుకుంటారు.

రెండు పార్టీల నుంచీ దవాఖానా ఖర్చుకు ఇప్పటిదాకా ఏమీ రాలేదు. పొదుపు సంఘంలో రామక్క పేరు మీద ఉన్న అప్పులో ముప్ఫై నాలుగు వేలు ఇంకా బాకీ ఉంది.